తాజుల్ ములూక్ ఎటు పోయాడు?

గులేబకావళి కథ తెలియని తెలుగువాడు లేడు. పుస్తకం చదవనివాడు సినిమా చూసి ఉంటాడు. సినిమా చూడనివాడు పాటలన్నా విని ఉంటాడు. 1962లో ఎన్.టి. రామారావు సొంత సంస్థ మీద తీసిన ‘గులేబకావళి కథ’తోనే సి. నారాయణరెడ్డి సినిమా పాటల్లోకి వచ్చాడు. రాజుకి చూపు పోతుంది. ఎక్కడో ఉన్న బకావళి తోటలోని పువ్వు తెస్తే తప్ప ఆ చూపు తిరిగి రాదు. తండ్రి కళ్లకు దూరంగా పెరిగిన కొడుకు బయల్దేరతాడు. పాచికలాటలో మగవాళ్లందర్నీ ఓడించి బందీలు చేసుకునే ఆడదాన్ని ఓడిస్తాడు, పువ్వు తెస్తాడు. ఆ కొడుకు పేరు విజయుడు.

అతని అసలు పేరు అది కాదు. తాజుల్ ములూక్. 18వ శతాబ్దంలో ఇజ్జతుల్లా బెంగాలీ ఈ కథని పారశీకంలో రాశాడు. 1803లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో నిహాల్‌చంద్ లాహోరీ దాన్ని ఉర్దూ వచనంలో పెట్టాడు. 1838 ప్రాంతంలో లక్నోలో పండిత్ దయాశంకర్ నసీమ్ ‘గుల్జారే నసీమ్’ పేరుతో మస్నవీగా చేశాడు. ఇజ్జతుల్లా ముస్లిం, నిహాల్‌చంద్ హిందువు, నసీమ్ కాశ్మీరీ పండితుడు. ముగ్గురి చేతుల్లోనూ నాయకుడు తాజుల్ ములూకే. ఇంకో సంగతి చూడండి. ఉర్దూ కథలో ఇంద్రసభ ఉంది. మానవుణ్ణి ప్రేమించినందుకు ఇంద్రుడు బకావళిని సగం రాయిగా మారుస్తాడు. అంటే ఉర్దూ కథలో ఇంద్రుడికి చోటు దొరికింది. తెలుగు సినిమాలో తాజుల్ ములూక్‌కి దొరకలేదు.

పువ్వు వచ్చింది. పువ్వు తెచ్చినవాడు రాలేదు.

ఇదేదో ఒక సినిమా మీద కోపమని అనుకోవద్దు. ఆ సినిమా నాకూ ఇష్టమే. ‘పాతాళభైరవి’ కూడా ఇష్టమే. కాశీమజిలీ కథల నుంచీ, అల్లాఉద్దీన్ దీపం నుంచీ అల్లుకున్న ఆ తోటరాముడి కథ 1951లో వచ్చింది. ఇప్పటికీ టీవీలో వేస్తే మా ఇంట్లో అందరం కూర్చుని చూస్తాం. నా తగాదా వేరే. పన్నెండేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య పిల్లలు చదివే, చూసే సాహస కథలన్నిటికీ ఒకటే ప్రాణం: ఇల్లు వదిలి వెళ్లడం, అడవో సముద్రమో దాటడం, తిరిగి వచ్చేటప్పటికి నేనెవర్నో నాకు తెలియడం. తెలుగులో ఈ ప్రయాణం ఎవరు చెయ్యొచ్చు, ఎవరు చెయ్యకూడదు అన్నది నా ప్రశ్న.

‘బాగ్దాద్ గజదొంగ’ (1968) లేదా, ‘ఆలీబాబా 40 దొంగలు’ (1970) లేదా అని మీరు అనొచ్చు. ఉన్నాయి. వాటిల్లో నాయకుడు ముస్లిమే. కానీ ఆ నాయకుడు బాగ్దాద్‌లో ఉంటాడు. తెలుగు కథలో ముస్లిం కుర్రాడు వీరుడు కావాలంటే బాగ్దాద్‌లో పుట్టాలి. ఇల్లందులో పుడితే కుదరదు. పాల్వంచలో పుడితే అసలే కుదరదు. ఇక్కడ పుట్టినవాడికి కథలో కేటాయించిన పనులు కొన్ని ఉన్నాయి: గుర్రబ్బండి తోలడం, వచ్చీరాని తెలుగు మాట్లాడి నవ్వించడం, నాయకుడి కోసం ప్రాణాలివ్వడం. ఈ మధ్య బాంబులు పెట్టడం కూడా చేరింది.

చందమామ సంగతి తీస్తే మా సెక్యులర్ మిత్రులకు వెంటనే నొప్పి పుడుతుంది. చందమామకు మతమేమిటి, అది పిల్లల పత్రిక, అందులో మానవత్వం తప్ప ఇంకేముంది అంటారు. 1947 జూలైలో, స్వాతంత్ర్యానికి సరిగ్గా నెల ముందు మొదలైన ఆ పత్రిక మా ఇంటికీ వచ్చేది. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ దగ్గర నుంచి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా రాసిన సీరియళ్ల పాత సంచికల్ని మేం అన్నదమ్ములం చింపుకుని మరీ చదివాం. ఆయన పేరు కూడా పెట్టకుండా అచ్చయిన ఆ కథలకి మేం రుణపడి ఉన్నాం. సరే. కానీ మతం లేదంటే ఎట్లా? గుహలో తపస్సు చేసే మహర్షి, కాళికాలయంలో బలిపీఠం, చెట్టుమీది భేతాళుడు, గురుకులం, శాపం, వరం, చివర్న పట్టాభిషేకం. వీటిలో మతం కనబడకపోవడానికి కారణం మతం లేకపోవడం కాదు, చదివేవాడు దాన్ని గాలిలా పీల్చుకోవడం. అదే కథలో దర్గాలో పడుకున్న ఫకీరు కనబడి దారి చెప్పాడనుకోండి, అప్పుడు మాత్రం అది ‘ముస్లిం కథ’ అవుతుంది. మహర్షి దారి చెబితే కథ, ఫకీరు దారి చెబితే ముస్లిం కథ. ఎట్లాంటి లెక్క ఇది!

ఆ సీరియళ్లలోనే ఇంకొకరు కూడా ఉన్నారు. అడవి మనుషులు. ఈకలు కట్టుకుని, డప్పులు కొడుతూ, దారి తప్పి వచ్చిన రాకుమారుణ్ణి బలివ్వబోయే కొండజాతివాళ్లు. గోదావరి ఒడ్డున పుట్టిన కోయ పిల్లవాడు ఆ పేజీ చదివి ఏమనుకోవాలి? ఈ సంగతికి మళ్లీ వస్తాను.

రెండేళ్ల కింద ఒక ప్రభుత్వ పాఠశాలలో పిల్లలతో కథలు రాయించే కార్యక్రమానికి పిలిస్తే వెళ్లాను. పాల్వంచ దాటినాక రోడ్డు పక్క ఊరు. మీకు నచ్చిన సాహస కథ రాయండి, అడవి ఎదురుగానే ఉంది కదా అన్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి, వేలిముద్ర వెయ్యడానికి బదులు సంతకం నేర్చుకుంటున్న తల్లికి కూతురు, నాలుగు పేజీలు రాసింది. కిన్నెరసాని ఒడ్డున ఒక సొరంగం. సొరంగంలో మాట్లాడే మొసలి. మొసలి అడిగే లెక్కలు చేస్తేనే దారి ఇస్తుంది. చక్కగా ఉంది. నాయకురాలి పేరు స్వప్న. నాకు ఉండబట్టలేక అడిగాను, ‘బేటీ, నీ పేరే పెట్టుకోవచ్చుగా?’ అని. ఆ పిల్ల నన్ను విచిత్రంగా చూసింది. ‘కథలో పేర్లు అట్లనే ఉంటయి గద సార్’ అంది. బాధగా అనలేదు. నీళ్లు పల్లానికి పోతయి అన్నంత మామూలుగా అంది.

ఇరవై సంవత్సరాలుగా విలేకరిగా అల్లర్లు చూశాను, కర్ఫ్యూలు చూశాను. ఆ మాట విన్నప్పుడు పడ్డ దెబ్బ వేరు. మొసలి చేత మాట్లాడించగలిగిన పిల్ల, తన పేరు గల పిల్ల సొరంగంలోకి వెళ్లడాన్ని మాత్రం ఊహించలేకపోయింది. మొసలి మాట్లాడటం కంటే షేక్ ఇంటిపేరు గల అమ్మాయి నాయకురాలు కావడం ఆమెకి పెద్ద మాయగా తోచింది.

ఇది తెలుగు రోగం మాత్రమే కాదు. ఇబ్నే సఫీ 1952లో అలహాబాద్ నుంచి ‘జాసూసీ దునియా’ మొదలుపెట్టాడు. కర్నల్ ఫరీదీ, కెప్టెన్ హమీద్ నాయకులు. 1955 నుంచి ఇమ్రాన్. పైకి వెర్రిబాగులవాడిలా నటిస్తూ లోపల అసాధ్యుడైన ఇమ్రాన్ కోసం మా అబ్బా తరం అద్దె పుస్తకాల దుకాణం ముందు క్యూ కట్టింది. ఆ నవలలు హిందీలోకి కూడా వెళ్లాయి. అక్కడ కర్నల్ ఫరీదీ కర్నల్ వినోద్ అయ్యాడు. ఇమ్రాన్ రాజేష్ అయ్యాడు. కథ అదే, పిస్తోలు అదే, హాస్యం అదే. పేరు ఒక్కటి మారిస్తే అమ్ముడుపోయింది. తాజుల్ ములూక్ విజయుడయ్యాడు, ఫరీదీ వినోదయ్యాడు, ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి స్వప్న అయ్యింది. మొదటి రెండు పేర్లు నిర్మాతలో ప్రచురణకర్తలో మార్చారు. మూడో పేరు ఆ పిల్ల తనంతట తానే మార్చుకుంది. ఎవరూ చెప్పనక్కర్లేకుండా.

ఉర్దూ ఉంది కదా, మీ దాస్తాన్‌లు మీరు చదువుకోండి అంటారు కొందరు పెద్దమనుషులు. ఏ ఉర్దూ? 1948 పోలీసు చర్య తర్వాత బడిలో, కచేరీలో ఉర్దూ పోయింది. ఖమ్మం మెట్టులో, కొత్తగూడెం గనుల కాలనీల్లో మా పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, తెలుగులో చదువుతారు. లిపి రాదు. దూదేకుల ఇళ్లల్లో మాటే తెలుగు. లక్నో నవల్ కిశోర్ ప్రెస్ వాళ్లు 1883 నుంచి 1917 దాకా అచ్చువేసిన 46 సంపుటాల అమీర్ హంజా దాస్తాన్ వీళ్లకి చైనా గోడ అవతలి సంగతి. అందులో ‘తిలిస్మే హోష్‌రుబా’ ఒక్కటే ఏడు సంపుటాలు. ముహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ ఖమర్ రాసిన ఆ మాయాలోకం ముందు ఇప్పటి ఇంగ్లీషు మంత్రాల బళ్లన్నీ పిల్లల ఆటలు. అమర్ అయ్యార్ దగ్గర ఉన్న సంచిలో లోకమంతా పడుతుంది. దేవకీనందన్ ఖత్రీ ‘చంద్రకాంత’లోని అయ్యార్‌లూ తిలిస్మ్‌లూ అక్కడివే. 1994లో దూరదర్శన్‌లో ఆ సీరియల్ వచ్చినప్పుడు ఊరు ఊరంతా చూసింది. ఎక్కడివి ఇవి అని అడిగినవాడు లేడు.

ఖమ్మంలో చదువుకున్న దాశరథి 1961లో గాలిబ్‌ని తెలుగులోకి తెచ్చాడు. ఆయనకు సలాం. గాలిబ్ వచ్చాడు గాని హంజా రాలేదు. పెద్దవాళ్లకి గజల్ ఇచ్చాం, పిల్లలకి దాస్తాన్ ఇవ్వలేదు. ముస్లిం అంటే గజలూ బిర్యానీ అనుకునే సాహిత్యాభిమానులు ఎంతమంది తగిలారో నాకు! మా ప్రేమ బాగుంటుంది వాళ్లకి, మా మసాలా బాగుంటుంది. మా పిల్లవాడి చేతికి కత్తి, అదీ చెక్కకత్తి, ఇద్దామంటే మాత్రం మొహాలు మారతాయి.

ఇక మా రోజుల్లోకి వద్దాం. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. లోకమంతా చూసింది, 2023లో దాని పాటకి ఆస్కార్ వచ్చింది. అందులో గోండు వీరుడు కొమరం భీం ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో, మెకానిక్‌గా, ముస్లిం కుటుంబం నీడన తలదాచుకుంటాడు. 2020 అక్టోబర్లో టీజర్లో ఆ టోపీ కనబడగానే పెద్ద రభస జరిగింది. ఆదివాసీ నాయకుడికి ముస్లిం టోపీ పెడతారా అని బెదిరింపులు. సినిమా ఆడనివ్వం అన్నారు. సెక్యులర్ మిత్రులు ఆ టోపీని సమర్థిస్తూ వ్యాసాలు రాశారు. భీం నినాదం జల్ జంగల్ జమీన్ అయితే అందులో మూడు మాటలూ పారశీక, ఉర్దూ, సంస్కృతాల కలబోతేనని ఎవరికీ గుర్తు రాలేదు, అది పక్కన పెడదాం. రెండు పక్షాలూ టోపీ గురించే మాట్లాడాయి. అఖ్తర్ ఎక్కడ అని ఎవరూ అడగలేదు. మూడు గంటల సినిమాలో ముస్లిం యువకుడి పేరు ఉంది, బట్టలు ఉన్నాయి, సుర్మా ఉంది, ముస్లిం యువకుడు లేడు. వేషం ఉంది, మనిషి లేడు. పని అయిపోగానే వేషం తీసేస్తారు. అప్పుడు అసలు నాయకులు బయటపడతారు: ఒకడు అడవిలో విల్లు దొరికి రాముడవుతాడు, ఇంకొకడు భీముడవుతాడు. ఇద్దరికీ ఆత్మదర్శనం. తలదాచుకోనిచ్చిన ఇంటివాళ్లకి ఏమయిందో కథకి అక్కర్లేదు. ఆ ఇంట్లో పదమూడేళ్ల పిల్లవాడో పిల్లో ఉండి ఉంటే, మేం అన్నం పెట్టిన అఖ్తర్ భాయ్ అఖ్తర్ కాదని తెలిసిన రాత్రి ఆ పిల్లవాడికి ఎలా ఉండి ఉంటుంది? నన్నడిగితే అసలు సాహస కథ అక్కడుంది.

నిజం కూడా చెప్పుకోవాలి. 1940లో జోడేఘాట్ దగ్గర భీంని కాల్చి చంపింది నిజాం పోలీసులు. సినిమా ఆయన్ని ఇంగ్లీషువాళ్ల మీదికి పంపించింది గాని చరిత్ర అది కాదు. నిజాం మా మతంవాడు కాబట్టి ఆ మాట మింగేద్దామనుకునేవాళ్లు మాలో ఉన్నారు. వాళ్ల దగ్గర నుంచి కూడా మా పిల్లలకి మంచి కథ రాదు.

కథలు లేక కాదు. భద్రాచలంకి ఎదురుగా కూర్చుని కథలు లేవనడం పాపం. నేలకొండపల్లి గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు. పరగణా, తహసీల్దారు, ఈ మాటలు ఎక్కడివో చెప్పనక్కర్లేదు. ఖజానా డబ్బుతో గుడి కట్టాడు, గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. ఒక రాత్రి ఇద్దరు కుర్రవాళ్లు, రామోజీ లక్ష్మోజీ అని పేర్లు చెప్పి, నిద్రపోతున్న సుల్తాను పడకగదిలోకి వచ్చి ఆరు లక్షల రామమాడలు కుమ్మరించి, చెల్లు రశీదు తీసుకుని మాయమయ్యారు. పన్నెండేళ్లు జైల్లో ఏడ్చిన భక్తుడికి కనబడని దేవుడు అబుల్ హసన్ తానాషాకి కనబడ్డాడు. రామదాసుకి రామమంత్రం చెప్పినవాడు కబీరని ఇంకో ముక్క కూడా ఈ కథకి అతికి ఉంది. కబీరు కాలం వేరు, గోపన్న కాలం వేరు, మధ్య నూరేళ్లకు పైగా తేడా. అయినా ప్రజలు అతికించారు. ఎందుకతికించారు? ఈ గోదావరి గట్టున కథ అల్లుకున్న మనిషికి, ఒక ముస్లిం లేకుండా ఆ కథ నిలబడదనిపించింది కాబట్టి. ఇది చరిత్ర కాదు, నాకూ తెలుసు. మన సరిహద్దులో పుట్టిన అసలైన మాయాకథ ఇది. ఇందులో మావాడు వేషం కాదు, సేవకుడు కాదు. ఇందులో అతను దైవాన్ని చూసిన కళ్లు. శ్రీరామనవమికి సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం ఆ తానాషా నుంచే వచ్చిందని గుడివాళ్లే చెబుతారు.

ఆ తానాషా జీవితమే ఒక నవల. పద్నాలుగేళ్లు షా రాజు అనే సూఫీ ఖాన్‌ఖాలో పడి ఉన్న అనామక కుర్రాడు. సుల్తాను కూతురికి వేరే వరుడితో పెళ్లి నిశ్చయమై, ఆఖరి గడియలో అది చెడిపోయి, ఈ కుర్రాణ్ణి ఖాన్‌ఖా నుంచి పట్టుకొచ్చి పెళ్లిపీట మీద కూర్చోబెట్టారు. 1672లో సుల్తానయ్యాడు. అక్కన్న మాదన్నల చేతికి పెత్తనం ఇచ్చాడు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు గోల్కొండ పట్టుకుని, ఆయన్ని దౌలతాబాద్ కోటలో బంధించాడు. అక్కడే పోయాడు. గోపన్నని బందీ చేసినవాడు తనే బందీ అయ్యాడు. బందీ చేసినవాడు ఇంకో ముస్లిం. హిందీలో ఉర్దూలో నియంతని తానాషా అంటారు, ఆ మాట ఈయన పేరు నుంచే వచ్చిందంటారు. ఎంత అన్యాయం! చూడండి, ఎన్ని మలుపులున్నాయో. తెలుగులో ఇది పిల్లల నవలగా, తానాషా వైపు నుంచి, ఎందుకు రాలేదు? 2006లో ‘శ్రీరామదాసు’ సినిమా వచ్చింది. పెద్ద తారలు, పెద్ద పాటలు. అది రామదాసు కథ, అట్లాగే ఉండాలి కూడా. దాని పక్కన ఉండాల్సిన రెండో పుస్తకం మాత్రం లేదు.

ఆ రెండో పుస్తకం రాయాల్సింది ఎవరు? మేమే. ఇక్కడ మా సాహిత్యం సంగతి మాట్లాడాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో ‘జల్‌జలా’. మా ఖమ్మం యాకూబ్ కవిత్వం. 1999లో ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’, 2004లో ‘వతన్’. ఇవి లేకపోతే ఈ వ్యాసం రాయడానికి నాకు వెన్నెముక ఉండేది కాదు. 1992 డిసెంబర్ ఆరు తర్వాత, 2002 గుజరాత్ తర్వాత గాయం రాశాం. రాయాల్సి వచ్చింది. కానీ పన్నెండేళ్ల పిల్లకి ఈ పుస్తకాల్లో ఏది ఇస్తారు? దర్గామిట్ట ఇస్తాం, నవ్వుతుంది, సంతోషం. ఆ తర్వాత? గాయాన్ని వారసత్వంగా ఇచ్చినంత సులువుగా గుర్రాన్ని ఇవ్వలేకపోయాం.

దీనికి మా తప్పొక్కటే కారణం కాదు. నాలుగేళ్ల కింద ఒక జిన్ కథ రాసి, పేరు చెప్పను, ఒక ప్రగతిశీల పత్రికకి పంపాను. సింగరేణి పాత గనిలో చిక్కుకున్న జిన్, దాన్ని బయటికి తెచ్చే అక్కాతమ్ముళ్లు. సంపాదకుడు మర్యాదగా ఫోన్ చేశాడు. ‘భాయ్, బాగుంది గాని ఇందులో ముస్లిం సమస్య ఏముంది?’ అన్నాడు. సమస్య లేకపోవడమే సమస్య అయ్యింది. మేం ఏడుస్తూ వస్తే తలుపు తెరుస్తారు. ఆడుకుంటూ వస్తే ఏ ఇంటి పిల్లలు మీరు అని అడుగుతారు. దళిత రచయితలు చాలామందికి ఈ అనుభవం ఉంటుందని నాకు తెలుసు, ఇక్కడ దాన్ని విస్తరించను.

మా లోపలి తలుపులు కూడా అంత విశాలమైనవేం కావు. జిన్‌లూ పరీలూ పిల్లలకి చెప్పడం షిర్క్ అని, మాయ అనేది హరామ్ అని హితవు చెప్పే హజ్రత్‌లు ఈ మధ్య ఎక్కువయ్యారు. జిన్‌ల పేరుతో ఖురాన్‌లో ఒక సూరాయే ఉంది కదా హజ్రత్! మీ తాతలు రాత్రిళ్లు హంజా దాస్తాన్ విని నిద్రపోయినవాళ్లే. తెల్లారి ఫజర్ నమాజ్ కూడా చేశారు. ముప్ఫై పక్షులు ఏడు లోయలు దాటి తమ రాజు సీముర్గ్‌ని వెతుక్కుంటూ వెళ్లి, చివరికి ఆ సీముర్గ్ తామేనని తెలుసుకున్న కథ ఫరీదుద్దీన్ అత్తార్ రాశాడు. తనను తాను తెలుసుకునే ప్రయాణమంటే ఇంతకంటే ఏముంది? ఆ పుస్తకాన్ని మదరసాల్లోనే చదివారు ఒకప్పుడు. ఇక ఆడపిల్లలు ఇల్లు దాటే కథలు కూడదనేవాళ్లకి ఒక్క మాట: 1905లో మద్రాసు పత్రికలో బేగం రొకేయా ‘సుల్తానాస్ డ్రీమ్’ అచ్చయింది. ఆడవాళ్లు గాలిలో ఎగిరే బండ్లు నడిపే, మగవాళ్లు జనానాలో కూర్చునే దేశం. నూట ఇరవై ఏళ్ల కింద. ఇప్పుడేమో అమెరికా కామిక్ పుస్తకంలో కమలా ఖాన్ అనే పాకిస్తానీ ఇంటి పిల్ల, 2014 నుంచి, సాహసాలు చేస్తోంది. మా పిల్లలు ఫోన్లో ఆమెని చూస్తున్నారు. బాగ్దాద్ పోయి న్యూజెర్సీ వచ్చింది. ఇల్లందు అట్లనే ఉంది.

అయితే ఇల్లందు కుర్రాడికి గుర్రం ఇచ్చి అడవిలోకి పంపితే సరిపోతుందా? సరిపోదు. ఎవరి అడవి అది? ఈ సరిహద్దులో అది తప్పించుకోలేని ప్రశ్న. 1959 దాకా తూర్పుగోదావరిలో ఉన్న భద్రాచలం ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం కోసం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకి పోయాయి, 2016లో మిగిలింది కొత్తగూడెం జిల్లా అయ్యింది. ఈ గీతలన్నీ గీసేటప్పుడు కోయవాళ్లని ఎవరు అడిగారు? ఏజెన్సీ ఊళ్లలో మా వాళ్ల దుకాణాలు ఉన్నాయి: కిరాణా, గాజులు, సైకిల్ రిపేరు, తునికాకు కల్లాల్లో గుమస్తాగిరీ. 1/70 చట్టం ముందు మేం ముస్లింలం కాదు, గిరిజనేతరులం. భద్రాచలం సంతలో కోయ ముసలమ్మకి ఇప్పపువ్వు తూకంలో తగ్గించేవాడు కోమటి కావచ్చు, రెడ్డి కావచ్చు, సాయిబు కూడా కావచ్చు. ఖమ్మం పట్టణంలో మైనారిటీ అయిన కుర్రాడు చింతూరు రోడ్డెక్కేసరికి ఇంకొకరి నేల మీద పరాయివాడు. ఈ సంగతి వాడికి ఎదురు కావాలి. రాకుమారుణ్ణి బలివ్వబోయే కొండజాతివాళ్లని ముస్లిం కథలోకి కూడా మోసుకొచ్చే పనైతే నాకా కథ వద్దు. తాజుల్ ములూక్ పేరు తిరిగి పెట్టి, పాత రాకుమారుడి కళ్లే పెడితే ఏం లాభం?

అందుకే హాతింతాయి కథ నాకు దగ్గర. హాతిం తన కోసం బయల్దేరడు. తను కీర్తి పొందడానికో, తన రాజ్యం తెచ్చుకోవడానికో, నేనెవరని తెలుసుకోవడానికో కాదు. మునీర్ షామీ అనే ఎవరో ప్రేమికుడు ఏడుస్తుంటే, అతను ప్రేమించిన హుస్న్‌బానో వేసిన ఏడు ప్రశ్నలకి జవాబులు తేవడానికి వెళ్తాడు. దారిలో లేడిని తరుముతున్న తోడేలుకి తన తొడ కోసి పెడతాడు, మన శిబిచక్రవర్తి పావురం కోసం చేసినట్టు. ఇంగ్లీషు కథల్లో పిల్లవాడు పుట్టుకతోనే ఎన్నుకోబడ్డవాడు. నుదుటి మీద గుర్తు ఉంటుంది, జోస్యం ఉంటుంది, లోకం అతని కోసమే ఎదురుచూస్తుంటుంది. హాతింకి అట్లాంటిదేమీ లేదు. ఇంకొకడి ప్రశ్న ఎత్తుకున్నాడు, అంతే. మా పిల్లలకి ఎన్నుకోబడిన వాడి కథ ఇస్తే అది పాత రాచరికమే. ఇంకొకడి ప్రశ్న ఎత్తుకునే కథ ఇవ్వండి.

ఆ ఇంకొకడు ఎక్కడో లేడు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్, దంతెవాడల నుంచి ఊళ్లు కాలిపోయి నడుచుకుంటూ వచ్చిన గుత్తికోయలు మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడి ప్రభుత్వం వాళ్లని గిరిజనులుగా గుర్తించదు. అటవీ శాఖవాళ్లు గుడిసెలు పీకుతారు, వాళ్లు మళ్లీ వేసుకుంటారు. ఏ రాష్ట్రం మీది, ఎప్పుడొచ్చారు, కాగితాలేవి అని అడుగుతారు. 2019 చివర్న, 2020 మొదట్లో పౌరసత్వం చట్టం గొడవలో మా ఇళ్లల్లో ఇనుప పెట్టెలు దింపి తాతల రేషన్ కార్డులు, మోక్షం లేని పట్టాలు వెతికినప్పుడు మాకు ఎదురైన ప్రశ్న కూడా అదే: కాగితాలేవి?

ఒక ముస్లిం పిల్ల, పదమూడేళ్లది, తండ్రితో దుమ్ముగూడెం వైపు సంతకి గాజులు అమ్మడానికి వచ్చి దారి తప్పింది. చీకటి పడింది. గుడిసె పీకేసిన చోట బూడిద పక్కన ఒక గుత్తికోయ పిల్లవాడు కూర్చున్నాడు. పర్ణశాల గుడి దీపాలు దూరంగా కనబడుతున్నాయి. ఈ పిల్లకి కోయ రాదు, వాడికి తెలుగు రాదు, ఉర్దూ అసలే రాదు. ఆమె సంచిలో నాలుగు డజన్ల మట్టిగాజులున్నాయి, వాటిలో ఒక డజను మామూలువి కావు. అవి ఎవరివో, ఎవరికి చేరాలో వాడికి తెలుసు. ఇంతవరకు నేను రాసుకున్నాను. ఆ అమ్మాయి పేరు షేక్ ముంతాజ్. ప్రచురించే ఉద్దేశం ఉన్న సంపాదకులు పేరు మార్చమని మాత్రం అడగొద్దు.